పెళ్ళి బండికి రాగి వైరు

ఎద్కూ,
జూన్ 1998

రీహామ్ వాళ్ళ నాన్నకు,

ఇక్కడ అందరం క్షేమం. రీహామ్‌కి కింద రెండు పళ్ళు వచ్చాయి. మీ అమ్మగారి వేలు కొరికి ఇల్లంతా నవ్వించింది. ఆ ఎడారిలో మీకు తాగడానికి నీళ్ళు సరిగా ఇస్తున్నారో లేదో రాయండి.

నేను అయిదో తరగతితో ఆపేశానని మీకు తెలుసు. అయినా ఈ ఉత్తరం పక్కింటివాళ్ళ చేత రాయించకుండా నేనే రాస్తున్నాను. ఇందులో మన బండి సంగతి ఉంది.

సైన్యంలోకి వెళ్తూ మీరు షహాతా చేతిలో పెట్టిన ప్యూజో కారు బాగానే తిరుగుతోంది. మీ తమ్ముడు రోజూ అలెగ్జాండ్రియాకి మనుషుల్ని చేరవేస్తున్నాడు. అయితే ఆగస్టులో మీ చెల్లెలు ఎనాయత్ పెళ్ళి కదా. ఊళ్ళో ఇంతవరకూ ఏ పెళ్ళి బండిలోనూ మోగనంత గట్టిగా మన బండిలో పాట మోగాలని అతని పట్టుదల. ఒక యాంప్లిఫయరు, బిందెలంత స్పీకర్లు రెండు తెచ్చాడు. యాంప్లిఫయర్‌ని వెనక సీటు కింద పెట్టాడు. నలుగురి కళ్ళూ పడతాయని అత్తయ్య దాన్ని పోయిన బక్రీదు గొర్రె తోలులో చుట్టి, నాలుగువైపులా కుట్టేసింది. కొత్త కోడలిలా ముసుగేసుకుని కూర్చుంది అది.

వైరు మాత్రం కొనలేదు. ఎనాయత్ కాపురానికి వెళ్ళే ఇంట్లో దీపాలకి వైరింగు చేయగా కొంత మిగిలింది. పెళ్ళికూతురి ఇంటి వైరు శుభమని అత్తయ్య దాన్ని ఇచ్చింది. షహాతా దాన్నే బ్యాటరీ నుంచి వెనకదాకా లాగాడు.

మొన్న శుక్రవారం అందరం సముద్రానికి వెళ్ళాం. పాట పెద్దగా పెట్టాడు. రీహామ్ పాలపీక కింద పడితే తీయబోయి ఆ వైరు మీద చెయ్యి పెట్టాను. వేడిగా ఉంది.

మా నాన్న ఇస్త్రీ కొట్టులో కరెంటు పెట్టె వచ్చిన కొత్తలో, ఆయన మాటిమాటికీ దాని తీగ పట్టుకుని చూసేవాడు. "కాలాల్సింది పెట్టె, తీగ కాదే విదాద్. తీగ కాలుతోందంటే అది మోయలేని బరువు మోస్తోందన్నమాట" అనేవాడు. అది గుర్తొచ్చి అడుగుతున్నాను. బండిలో వైరు అలా వేడెక్కవచ్చా? ఒక్క ముక్క రాయండి చాలు. నేను అడిగానని షహాతాకి మాత్రం చెప్పకండి.

విదాద్


మత్రూహ్ దాటాక, ఇసుకలో
జూన్ చివర

విదాద్‌కు,

నీ ఉత్తరం చూసి మా గుడారంలో వాళ్ళు కుళ్ళుకున్నారు. "ఖమీస్ పెళ్ళాం సొంతంగా రాస్తుందిరా!" అని. నేను కాస్త ఛాతీ విరుచుకుని తిరిగాను. నీళ్ళు ఇస్తున్నారు. వేడిగా ఇస్తున్నారు.

వేడంటే గుర్తొచ్చింది. పిచ్చిదానా, ఈ నెలలో ఎద్కూలో వేడిగా లేనిదేముంది? సీటు వేడి, గేరు రాడ్డు వేడి, మా అమ్మ వేడి. షహాతా మీసం రాకముందు నుంచీ బళ్ళ కింద దొర్లుతున్నాడు. ఇస్త్రీ పెట్టె వేరు, బండి వేరు. నువ్వు బానెట్ జోలికి పోకు. వీధిలో అందరూ చూస్తుంటారు.

నీ మనసు కుదుటపడాలంటే వాణ్ణి మెల్లగా ఒక మాట అడుగు, బ్యాటరీ పక్కన ఫ్యూజు పెట్టావా అని. పెట్టాననే అంటాడు. అక్కడితో వదిలెయ్.

రీహామ్ రెండు పళ్ళకీ రెండు ముద్దులు. నువ్వు చేసే చేపల పులుసు నాకు కలలోకి వస్తోంది, ముల్లుతో సహా.

ఖమీస్


ఎద్కూ,
జూలై

రీహామ్ వాళ్ళ నాన్నకు,

మీరు చెప్పినట్టే మెల్లగా అడిగాను. షహాతా భోజనం చేస్తున్నాడు.

"బ్యాటరీ పక్కన ఫ్యూజు పెట్టావా షహాతా?"

ముద్ద నోట్లోనే ఆగిపోయింది అతనికి. "ఏంటి వదినా, మెకానిక్ షాపు తెరుస్తున్నావా?"

"మీ అన్నయ్య అడగమన్నాడు."

"యాంప్లిఫయర్‌కే ఫ్యూజులున్నాయి. మళ్ళీ బ్యాటరీ దగ్గర దేనికి? ముత్యాల దండలా బండంతా ఫ్యూజులు గుచ్చమంటావా? ఆ అన్నం ఇటు పెట్టు."

అత్తయ్య పకపకా నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేయను. కానీ మధ్యాహ్నం అతను నిద్రపోయాక బానెట్ ఎత్తి చూశాను. మీరు వద్దన్నారు. చూశాను.

బ్యాటరీ దగ్గర ఫ్యూజు లేదు. ఇంజనుకీ సీట్లకీ మధ్య రేకులో కొత్తగా చిల్లు పొడిచాడు. దాని అంచు మీరు గడ్డం గీసుకునే బ్లేడులా ఉంది. వైరు దాని మీద ఒరుసుకుంటూ లోపలికి పోతోంది. బండి కుదిపినప్పుడల్లా ఒరుసుకుంటుంది. తోలు కుట్టు ఒక పక్క విప్పి యాంప్లిఫయర్‌ని కూడా చూశాను. దాని రెండు ఫ్యూజుల్లో ఒకటి లేదు. ఆ చోట సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం మడిచి దూర్చాడు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని ఆమధ్య అత్తయ్యతో విసుక్కున్నాడు. మళ్ళీ అలాగే కుట్టేశాను.

పెళ్ళి ఊరేగింపు రోజు ఎనాయత్ ఆ సీటు మీదే కూర్చుంటుంది. మోకాళ్ళ మీద రీహామ్‌ని కూర్చోబెట్టుకుంటానని ఇప్పటి నుంచే చెబుతోంది. ఒంటి నిండా నైలాను గౌను. వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకోదని మీకు తెలుసు.

నాకు ఇస్త్రీ పెట్టె తప్ప ఏమీ తెలియదు. మీకూ తెలియకపోతే తెలిసినవాళ్ళని అడగండి. ఏ వైరు వేయాలి, ఎలా వేయాలి, రాయండి. ఈసారి నాకే రాయండి.

విదాద్


మత్రూహ్ దాటాక
జూలై మధ్య

రీహామ్ తల్లికి,

నీ ఉత్తరం కన్నా ముందే షహాతా ఉత్తరం వచ్చింది. మిట్టమధ్యాహ్నం నువ్వు వీధిలో బానెట్‌లో తల దూర్చావట, కాఫీ కొట్టు వాళ్ళు చూశారట. "అన్నయ్య లేకపోతే ఇంట్లో మగాడే లేడనుకుంటోంది వదిన" అని రాశాడు. వద్దన్న పని ఎందుకు చేశావు? మా అమ్మ కుట్టింది విప్పడానికి నీకెంత ధైర్యం?

ఇదంతా రాసి ఉత్తరం మడిచేవాణ్ణి. కానీ వెండి కాగితం మాట దగ్గర నా కన్ను ఆగింది. మా యూనిట్‌లో కరెంటు పనులు చూసే సార్జెంటు అబ్దుల్ ముయిజ్‌కి ఆ ముక్క చదివి వినిపించాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "ఆ బండి ఎవరిది?" అన్నాడు. నాదే అన్నాను. ఆయన నవ్వలేదు.

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. షహాతాకి చదివి వినిపించు.

ఏ పనికైనా ముందు బ్యాటరీ మైనస్ వైపు తీగ విప్పాలి. అన్నీ అయ్యాక చివర అదే బిగించాలి. యాంప్లిఫయర్ ఫ్యూజుల మీద అంకెలు కలపాలి. రెండు ముప్పైలైతే అరవై ఆంపియర్లు. అంత కరెంటు వెనకదాకా పోవాలంటే స్వచ్ఛమైన రాగి వైరు, పదహారు చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఇంటి దీపాల వైరు రెండున్నర ఉంటుంది. ఏనుగు బరువు మేక మీద పెట్టినట్టు. బ్యాటరీకి జానెడు దూరంలోపు అరవై ఫ్యూజు తప్పనిసరి. యాంప్లిఫయర్ ఫ్యూజు యాంప్లిఫయర్‌ని కాస్తుంది, బ్యాటరీ దగ్గరిది వైరుని కాస్తుంది. దారిలో ఆ వైరు రేకుకి తగిలిందా, బ్యాటరీ తనలో ఉన్నదంతా కక్కేస్తుంది, ఫ్యూజు ఒక్కటే ఆపగలదు. రేకు చిల్లు అంచు వైరుని కోయకుండా రబ్బరు బుష్ వేయాలి. యాంప్లిఫయర్ నుంచి బండి రేకుకి పోయే ఎర్త్ వైరు కూడా అంతే లావు, కానీ పొట్టిగా ఉండాలి. రంగు గీకి మెరిసే ఇనుముకి బిగించాలి. క్యాసెట్ నుంచి వచ్చే సన్న వైర్లు బండికి రెండో పక్క నుంచి తేవాలి, లేకపోతే పాటలో ఈల వస్తుంది. యాంప్లిఫయర్‌కి గాలి ఆడాలి. తోలు తీసెయ్యాలి.

తోలు సంగతి మా అమ్మకి నువ్వు చెప్పకు. నేను వచ్చాక చెబుతాను.

వినిపించి ఊరుకో. అంతకు మించి ఏమీ చేయకు.

ఖమీస్


ఎద్కూ,
జూలై చివర

రీహామ్ వాళ్ళ నాన్నకు,

వినిపించాను. ఊరుకోలేదు. అన్నీ వరసగా చెబుతాను, వేరేవాళ్ళ నోట వినేలోపు.

మొదట షహాతా సరే అన్నాడు. మర్నాడు ఎర్రటి వైరు తెచ్చాడు, నా బొటనవేలంత లావు. "చాలా వదినా? మీ సార్జెంటుకి సలాం చెప్పు" అన్నాడు. నాకు నిజంగా సంతోషమేసింది. కానీ చేతిలోకి తీసుకుంటే దూదిలా తేలిపోయింది. చేపలు గీకే కత్తితో ఒక పోగు గీకాను. పైన రాగి రంగు, లోపల తెల్లగా అల్యూమినియం. ఆ లావంతా పై తొడుగే. "అమ్మినవాడు రాగే అన్నాడు" అన్నాడు షహాతా. అబద్ధం కాదు, అలాగే అని ఉంటాడు. తిరిగి ఇచ్చి రమ్మంటే, "వైరు గీకిచూసే ఆడదాని కోసం నేను బజారులో పరువు తీసుకోను" అని దాన్ని మూల పడేసి, పాత దీపాల వైరే ఉంచేశాడు.

అందుకని పక్కింటి ఉమ్మ్ సబాహ్ చేపల బుట్టలతో అలెగ్జాండ్రియా వ్యాను ఎక్కుతుంటే నేనూ ఎక్కాను. పండక్కి నాన్న ఇచ్చిన డబ్బు నా దగ్గరుంది. బళ్ళ సామాను అమ్మే వీధిలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. కొట్టు ముందు చాలాసేపు నిలబడ్డాను.

"ఏం కావాలి చెల్లెమ్మా?"

"వైరు."

"బట్టలారేసుకోవడానికా?"

లోపల కూర్చున్నవాళ్ళు నవ్వారు. నాకు చెవులు కాలిపోయాయి. అయినా నోరు తెరిచాను. "పదహారు. స్వచ్ఛమైన రాగి. అరవై ఫ్యూజు, దాని పెట్టె, రబ్బరు బుష్."

"మీ ఆయన్ని పంపు తల్లీ, అర్థమయ్యేలా మాట్లాడతాం."

"ఆయన సైన్యంలో ఉన్నాడు."

"అయితే మీ మరిదిని పంపు."

"పంపాం. తెల్లది అంటగట్టారు."

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. అతను ఒక వైరు చుట్ట తెచ్చాడు. "గీకు" అన్నాను. గీకాడు. "ఇంకా లోపలికి." మధ్య దాకా ఎర్రగానే ఉంది. తూకం చేతికి తెలిసింది. తీసుకున్నాను. ఇంటికొచ్చేదాకా చుట్టని ఒళ్ళోంచి దించలేదు.

షహాతా దాన్ని ముట్టుకోలేదు. "పెళ్ళయ్యాక చూద్దాం" అన్నాడు.

ఇక నిన్న ఎనాయత్ కాపురానికి పంపే సామాను ఊరేగింపు. పరుపులు, ఫ్రిజ్, గిన్నెలు ఎత్తిన బళ్ళు వరసగా నిలబడ్డాయి. ముందు మన ప్యూజో, రిబ్బన్లతో. ఇంజను ఆపి, పాట మాత్రం వదిలాడు. వీధి కిటికీలు గడగడలాడుతున్నాయి. ఎనాయత్ వెనక సీట్లో ఎక్కి కూర్చుని రీహామ్ కోసం చేతులు చాచింది. నేను బండి లోపలికి వంగి వైరు మీద చెయ్యి వేశాను. సముద్రానికి వెళ్ళిన రోజుకన్నా వేడిగా ఉంది.

రీహామ్‌ని ఉమ్మ్ సబాహ్ చేతిలో పెట్టాను. పానా తెచ్చి, బానెట్ ఎత్తి, బ్యాటరీ మైనస్ విప్పేశాను.

పాట ఆగింది. అంత చప్పుడు ఒక్కసారిగా ఆగిపోతే ఎలా ఉంటుందో మీకు తెలుసా? అందరి మొహాలూ నా వైపు తిరిగాయి. పెళ్ళికొడుకు వాళ్ళు, కాఫీ కొట్టు వాళ్ళు, అందరూ.

"వదినా! నీకు పిచ్చెక్కిందా?" షహాతా పరిగెత్తుకొచ్చాడు. "తగిలించు అది!"

"తగిలించను."

"అమ్మా, చూడవే దీన్ని!"

"షహాతా, ఎనాయత్ ఈ బండెక్కాలంటే ఈ వైరు ఉండకూడదు. ఈ వైరు ఉండాలంటే నేను ఇక్కణ్ణుంచి లేవను" అని బంపరు మీద కూర్చున్నాను. ఆ మాటలు నావేనా అని నాకే అనిపించింది. తర్వాత ఆ వైరుని బ్యాటరీ దగ్గరా, వెనక యాంప్లిఫయర్ దగ్గరా విప్పి, రేకు చిల్లులోంచి బయటికి లాగేశాను, చేప పేగు లాగినట్టు. షహాతా అది లాక్కుని చిల్లు దగ్గర ఒరుసుకున్న చోటు అందరికీ చూపించాడు. తొడుగు అరిగింది కానీ రాగి ఇంకా బయటపడలేదు. "చూడండి, నిక్షేపంలా ఉంది! ఏమైందిట దీనికి?" అన్నాడు. నేను పానా తీసుకుని మళ్ళీ బ్యాటరీ దగ్గరికి వెళ్ళాను.

మైనస్ మళ్ళీ బిగించి ఇచ్చాను. బండి కదిలింది, పాట లేకుండా. ఎనాయత్ డప్పు తీసుకుంది, ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఊరేగింపు జరిగింది. అత్తయ్య నాతో మాట్లాడటం లేదు. షహాతా నా చేతి అన్నం తినడం లేదు.

నేను చేసింది ఇదీ.

విదాద్


మత్రూహ్ దాటాక
ఆగస్టు మొదట్లో

రీహామ్ తల్లికి,

అమ్మ ఉత్తరం రాయించింది. అక్షరాల మీద నీళ్ళ చుక్కలున్నాయి, అవి ఆమె కన్నీళ్ళో, రాసినవాడి చెమటో తెలియదు. పెళ్ళికొడుకు వాళ్ళ ముందు మా ఇంటి పరువు తీశావు. నా తమ్ముణ్ణి పనిరానివాణ్ణి చేశావు. అలెగ్జాండ్రియాకి చెప్పకుండా వెళ్ళావు. నాకు చెప్పడానికి ఉత్తరం ఉంది కదా అంటావు, వెళ్ళొచ్చాక రాసిన ఉత్తరం!

వైరు నిక్షేపంలా ఉందని నువ్వే రాశావు. ఏమీ జరిగి ఉండేది కాదు. సార్జెంటుని అడిగాను. "జరగొచ్చు, జరక్కపోవచ్చు" అన్నాడు. జరక్కపోవచ్చు అనేదాని కోసం ఇంత రభస చేస్తారా?

పెళ్ళి రోజు, ఆ ఆడవాళ్ళందరి ముందూ, అమ్మ తల మీద ముద్దు పెట్టి క్షమించమని అడుగు. లేకపోతే రీహామ్‌ని తీసుకుని మీ నాన్న ఇంటికి వెళ్ళు. సెలవు మీద వచ్చాక మాట్లాడదాం. నాకు పెళ్ళికి సెలవు దొరకలేదు.

మైనసే ముందు విప్పావు కదా అని సార్జెంటు రెండుసార్లు అడిగాడు. విప్పిందనే చెప్పాను.

ఖమీస్


ఎద్కూ,
ఆగస్టు చివర

ఖమీస్‌కు,

మీ చెల్లెలి పెళ్ళి బాగా జరిగింది. ఎనాయత్ సంతోషంగా ఉంది. మిమ్మల్ని తలుచుకుని ఏడ్చింది, కాటుక కారితే మళ్ళీ దిద్దించాం.

పెళ్ళికి ముందు రోజు షహాతా వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. నన్ను చూడకుండా పొయ్యి వైపు చూస్తూ, "వదినా, ఆ వైరు ఏదీ?" అన్నాడు. సామాను ఊరేగింపు రోజు ఊరంతా ఎదురుచూసిన పాట రాలేదు, పెళ్ళికైనా రాకపోతే తల ఎత్తుకోలేనన్నాడు. మంచం కింద నుంచి తీసిచ్చాను. "తప్పయింది" అనలేదు. నేనూ అడగలేదు.

పెరట్లో ఇద్దరం పని చేశాం. నేను మీ ఉత్తరం చదివాను, అతను బిగించాడు. ప్రతి ముక్క దగ్గరా పోట్లాడాడు. "రంగు గీకాలా? అన్నయ్య బండి రంగు గీకితే నన్ను గీకుతాడు!" "గీకు." "సీటు బెల్టు బోల్టుకి బిగిస్తే సరిపోదా?" "దాన్ని ముట్టుకోకు. పక్కన రేకు గీకు." వెండి కాగితం తనే తీసి, నాకు చూపించకుండా నలిపి పారేశాడు. యాంప్లిఫయర్‌కి అసలు ఫ్యూజు వేశాడు. తోలు నేను విప్పాను. అత్తయ్య వరండాలోంచి, "దిష్టి తగిలితే నీదే పూచీ" అంది. ఊరేగింపు తర్వాత నాతో ఆమె అన్న మొదటి మాట అది. "నాదే అత్తయ్యా" అన్నాను. మైనస్ చివర బిగించాం. సార్జెంటుకి చెప్పండి, విప్పినప్పుడు కూడా అదే ముందు.

పెళ్ళి రోజు ఎనాయత్ పక్కన నేను కూర్చున్నాను, రీహామ్ ఆమె మోకాళ్ళ మీద. పాటకి రొమ్ములో ఎముకలు కూడా అదిరాయి. ఊరు దాటి పెళ్ళికొడుకు వీధి దాకా ఆపకుండా మోగింది. దారంతా నా చెయ్యి వైరు మీదే ఉంది. చల్లగా ఉంది. షహాతా అద్దంలోంచి నా చెయ్యి చూశాడు. పాట ఇంకొంచెం పెంచాడు. ఇప్పుడు నా చేతి అన్నం తింటున్నాడు, ఉప్పు తక్కువైందంటూ.

ఇక మీరు చెప్పిన పని. ఆడవాళ్ళందరూ ఉన్నారు, అత్తయ్యా ఉంది. నేను ఆమె తల మీద ముద్దు పెట్టాను, కూతుర్ని పంపిస్తున్న తల్లి కాబట్టి. క్షమించమని మాత్రం అడగలేదు. అడగను. చెప్పకుండా అలెగ్జాండ్రియా వెళ్ళినందుకు మీరు కోప్పడితే పడతాను. బానెట్ ఎత్తినందుకు ఊరు నవ్వితే నవ్వనీయండి. కానీ మైనస్ విప్పినందుకు కాదు.

నాన్న ఇంటికి వెళ్ళమని మళ్ళీ రాస్తే వెళ్తాను. బట్టలు మూట కట్టడానికి ఎంతోసేపు పట్టదు. అక్కడికి వెళ్ళినా ఇదే మాట చెబుతాను. మీరు సెలవు మీద వచ్చి ఎదురుగా నిలబడి అడిగినా, నేల చూస్తూ, ఇదే మాట చెబుతాను.

నిన్న అత్తయ్య పెళ్ళి మిఠాయి పంచుతూ పక్కింటివాళ్ళతో అంది. "మా కోడలు అంత గోల చేసింది కదా, ఆఖరికి ఏం జరిగింది? ఏమీ జరగలేదు." వాళ్ళు నా వైపు చూశారు.

అవును, ఏమీ జరగలేదు. ఎనాయత్ తన ఇంట్లో ఉంది, రీహామ్ నా ఒళ్ళో ఉంది, బండి గుమ్మం ముందుంది. ఆ ఏమీ జరగకపోవడం నేను నా చేతులతో చేశాను. దానికి ఎవరినీ క్షమాపణ అడగను.

విదాద్